‘పిక్ అప్’ అంటే ఎత్తడమా, ఎక్కించుకోవడమా, అంటించుకోవడమా, పుంజుకోవడమా?

మీ ప్రశ్న ఇదీ: గుంటూరు నుంచి రోజూ విజయవాడ వచ్చి ఒక ట్రావెల్స్ ఆఫీసులో బుకింగులు చూస్తున్నారు. కస్టమర్లలో విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. "అవర్ డ్రైవర్ విల్ పిక్ అప్ యు" అని మెసేజ్ పెడితే మీ మేనేజర్ దిద్దారు గానీ ఎందుకు తప్పో చెప్పలేదు. తర్వాత ఒకాయన "ఐ పిక్డ్ అప్ ఎ బగ్ ఆన్ ద ఫ్లైట్" అంటే, విమానంలో ఏదో పురుగు దొరికిందేమో అనుకున్నారు. ఇంకొకాయన "హోప్ బిజినెస్ ఈజ్ పికింగ్ అప్" అన్నారు. డిక్షనరీ తీస్తే ‘పిక్ అప్’ కింద వరసగా అర్థాలే అర్థాలు. ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా అని అడిగారు.

అక్కర్లేదండీ. ఆ అర్థాలన్నీ రెండు దారుల్లో సర్దుకుంటాయి.

ఒకటి: ఎక్కడో ఉన్నది నా దగ్గరికి రావడం. సంచి చేతికొస్తుంది, మనిషి కారులోకొస్తాడు, భాష నోటికొస్తుంది, జలుబు ఒంటికొస్తుంది.

రెండు: తగ్గి ఉన్నది పైకి లేవడం. బేరాలు, గాలి, వేగం, జబ్బుపడ్డ మనిషి ఆరోగ్యం.

ఎదురైన వాక్యం ఏ దారిదో తేల్చుకోవడానికి ‘దేన్ని? ఎవర్ని?’ అని అడగండి. జవాబు వాక్యంలో ఉంటే దాదాపు ఎప్పుడూ మొదటి దారే. జవాబు లేకపోతే దాదాపుగా రెండోది. ఇక మీ మేనేజర్ దిద్దినది అర్థంలో తప్పు కాదు, మాటల వరసలో తప్పు. మి, యు, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్ అనే ఈ ఏడూ ‘పిక్’కీ ‘అప్’కీ మధ్యలోనే కూర్చోవాలి. "పిక్ యు అప్" ఒప్పు, "పిక్ అప్ యు" తప్పు. మీ పనికి ఈ పూటకి ఇది చాలు. ఎందుకలాగో, ఎక్కడ కాలు జారుతుందో తెలుసుకోవాలంటే కింద చదవండి.

ముందు ఒక భయం తీరాలి. ఒకే మాటకి ఇన్ని అర్థాలుండటం ఇంగ్లిష్‌కి పట్టిన ప్రత్యేకమైన జబ్బేమీ కాదు. మన ‘పట్టు’ చూడండి. చేపలు పట్టాడు, దారి పట్టాడు, జలుబు పట్టింది, చెమట పట్టింది, గంట పట్టింది, ఆ పాట పట్టుబడింది. ‘ఎత్తు’ చూడండి. బిందె ఎత్తుతాం, ఫోన్ ఎత్తుతాం, పాట ఎత్తుకుంటాం, గొంతెత్తి అడుగుతాం, చేతులెత్తేస్తాం, దొంగ ఎత్తుకుపోతాడు. చేతులు పైకి లేపడానికీ ‘ఇక నా వల్ల కాదు’ అనడానికీ ఏం సంబంధమని మనల్ని ఏ పిల్లాడూ అడగడు, ఎందుకంటే ఆ మాటని వాక్యంతో సహా విన్నాడు. మనం క్రియకి ముందు మాట మార్చి అర్థం మారుస్తాం: దారి, జలుబు, గంట. ఇంగ్లిష్‌వాళ్లు క్రియకి వెనక అప్, ఆఫ్, అవుట్, ఆన్ తగిలించి మారుస్తారు. తేడా అంతే.

పరాయివాళ్లకి ఇది కష్టమేనన్న మాట కూడా కొత్తది కాదు. 1755లో వెలువడ్డ తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్, క్రియ వెనక ఇలా చిన్న మాట చేరి అర్థం మారిపోయే పద్ధతి విదేశీయులకి అన్నిటికంటే ఎక్కువ కష్టం తెచ్చిపెడుతుందని రాశాడు. ఇలాంటి క్రియలకి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు మాత్రం చాలా తర్వాత వచ్చింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత దాన్ని అచ్చులో వాడాడు, ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని తనే చెప్పుకున్నాడు.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. గుంటూరు మనిషికి ‘పిక్’కీ ‘పిక్ అప్’కీ తేడా చెప్పాలంటే మిరప చేను కంటే మంచి చోటు లేదు. చెట్టు మీద పండిన కాయని కోస్తే అది "పిక్". కోసేటప్పుడు జారి సాలులో పడిన కాయని వంగి తీసుకుంటే "పిక్ అప్". కల్లంలో ఎండబెట్టాక తాలుకాయల్ని వేరుగా ఏరేస్తే "పిక్ అవుట్". టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి ఎత్తాక లారీ వచ్చి వాటిని ఎక్కించుకుపోతే మళ్లీ "పిక్ అప్", ఈసారి పట్టుకెళ్లడం. యార్డులో పడిపోయి ఉన్న ధర కాస్త పుంజుకుంటే "ప్రైసెస్ హావ్ పిక్డ్ అప్". ఒక్క పంటలో అయిదు వాడుకలు. వీటిలో మొదటిదానికీ రెండోదానికీ తేడా గుర్తుంటే చాలా తప్పులు రాకుండా ఆగిపోతాయి. ‘పిక్’ ఒంటరిగా ఉంటే కోయడం లేదా ఎంచుకోవడం. ‘అప్’ చేరితేనే తీసుకోవడం.

ఈ తేడా తెలియక మనవైపు రోజూ దొర్లే వాక్యాలు రెండున్నాయి. ఒకటి "హి ఈజ్ నాట్ పికింగ్ మై కాల్". రెండోది "ప్లీజ్ పిక్ మి అట్ బెంజ్ సర్కిల్". ‘అప్’ ఎగిరిపోయింది. ఇక్కడివాళ్లకి అర్థమవుతుంది, బయటివాళ్లకి మొదటిది ‘నా కాల్‌ని ఎంపిక చేయడం లేదు’ అన్నట్టు, రెండోది ‘బెంజ్ సర్కిల్‌లో నన్ను ఎంచుకోండి’ అన్నట్టు వినిపిస్తుంది. "హి ఈజ్ నాట్ పికింగ్ అప్" అనండి, లేదా "హి ఈజ్ నాట్ ఆన్సరింగ్ మై కాల్" అనండి. రెండోదానికి "ప్లీజ్ పిక్ మి అప్ అట్ బెంజ్ సర్కిల్".

ఫోన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. మనం ‘ఎత్తు’ అంటాం కాబట్టి ఇంగ్లిష్‌లో "లిఫ్ట్ ద ఫోన్" అనేస్తాం. ‘లిఫ్ట్’ అంటే బరువైనదాన్ని పైకి లేపడం, అందులో ‘జవాబు ఇవ్వడం’ లేదు. ‘పిక్ అప్’ ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాత ఫోన్లలో రిసీవర్ని దాని గూట్లోంచి చేత్తో తీసేవాళ్లు. మాట్లాడటం అయ్యాక గోడ ఫోన్ కొక్కేనికి తగిలించేవాళ్లు కాబట్టి పెట్టేయడానికి "హ్యాంగ్ అప్". కొక్కెం పోయింది, గూడు పోయింది, మాటలు మిగిలాయి. ఇక్కడ ఇంకో సంగతి గమనించండి: "ఐ కాల్డ్ త్రీ టైమ్స్, హి డిడ్ నాట్ పిక్ అప్". ‘దేన్ని’కి జవాబు వాక్యంలో లేదు, అయినా ఇది మొదటి దారే. ఫోన్ అన్న మాట అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేశారు. పైన ‘దాదాపు’ అన్నది ఇలాంటివాటి కోసమే.

మీ పనిలో అన్నిటికంటే ఎక్కువ వాడేది మనిషిని వెళ్లి తీసుకురావడం. ఇందులో ‘వెంటబెట్టుకు రావడం’ తప్పనిసరి. వాహనం ఉండాలన్న నియమం లేదు, నడిచి వెళ్లి బడి నుంచి పిల్లల్ని తీసుకొచ్చినా "పిక్ అప్ ద కిడ్స్" అనే అంటారు. కానీ మీ మనిషి ప్లాట్‌ఫారం మీద కస్టమర్‌ని కలిసి, గది తాళాలిచ్చి, ఆయన్ని వేరే ఆటోలో పంపేస్తే అది పిక్ అప్ కాదు, "మీట్". ట్రావెల్స్‌లో ఈ తేడాకి డబ్బుతో సంబంధం ఉంది. మీరు "వి విల్ పిక్ యు అప్" అని రాస్తే ఆయన కారు వస్తుందనే అనుకుంటాడు, రాకపోతే అడుగుతాడు.

చోటు చెప్పేటప్పుడు ‘ఫ్రమ్’, ‘అట్’ రెండూ నడుస్తాయి. "పిక్ యు అప్ ఫ్రమ్ ద ఎయిర్‌పోర్ట్", "పిక్ యు అప్ అట్ ద ఎయిర్‌పోర్ట్". సరిగ్గా ఏ గేటు, ఏ ప్లాట్‌ఫారం అని చెప్పాల్సివస్తే ‘అట్’ బాగుంటుంది. టైమ్‌కి ఎలాగూ ‘అట్’ వాడతాం.

భాష, పని, అలవాటు అబ్బడం దీని పక్కదే. "షి పిక్డ్ అప్ తెలుగు ఇన్ సిక్స్ మంత్స్" అంటే ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చుట్టూ వింటూ వింటూ పట్టుబడింది అని. మన ‘అబ్బింది’, ‘పట్టుబడింది’ దీనికి అచ్చంగా సరిపోతాయి. కాబట్టి డిగ్రీకి, కోర్సుకి ఇది పనికిరాదు. "ఐ పిక్డ్ అప్ బీకామ్" అనరు. "ఐ పిక్డ్ అప్ ఎక్సెల్ ఆన్ ద జాబ్" అంటే చక్కటి వాక్యం, ఎవరూ నేర్పకుండా పని చేస్తూ నేర్చుకున్నానని చెబుతోంది. ఇంటర్వ్యూలో "ఐ పిక్ థింగ్స్ అప్ క్విక్లీ" అనడం మంచిదే, వెంటనే ఒక ఉదాహరణ కూడా చెప్పగలిగితే. చెడ్డ అలవాట్లకీ ఇదే మాట. హాస్టల్లో సిగరెట్ అలవాటు చేసుకుంటే "పిక్డ్ అప్ ద హ్యాబిట్".

జబ్బు అంటుకోవడం. మీ కస్టమర్ వాక్యం ఇదే. ‘బగ్’ అంటే ఇక్కడ పురుగు కాదు, జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు తెచ్చే చిన్న ఇన్ఫెక్షన్. విమానంలో ఎవరి దగ్గరి నుంచో అంటించుకున్నానని చెప్పాడు. ఇక్కడ ఒక హద్దుంది: బయటి నుంచి వచ్చి అంటుకునేవాటికే పిక్ అప్. జలుబు, ఫ్లూ, కళ్లకలక, కడుపులో ఇన్ఫెక్షన్‌కి సరే. బీపీ, షుగర్, కీళ్లవాతం ఎవరి దగ్గర నుంచీ అంటుకోవు కాబట్టి "పిక్డ్ అప్ డయాబెటిస్" అనకూడదు. వాటికి "డెవలప్డ్" అంటారు.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. "మై ఫాదర్ పిక్డ్ అప్ ఎ ఫీవర్" అంటే నాన్నకి జ్వరం అంటుకుంది. "మై ఫాదర్ ఈజ్ పికింగ్ అప్" అంటే నాన్న కోలుకుంటున్నారు. ఒకటే క్రియ, ఒకటి దిగులు, ఒకటి ఊరట. ‘దేన్ని?’ అని అడిగితే మొదటిదానికి జ్వరం అనే జవాబుంది, రెండోదానికి లేదు. రెండు దారులన్నది ఊరికే చెప్పిన సూత్రం కాదని ఈ జంటలో కనిపిస్తుంది.

ఈ రెండో దారికి తెలుగులో మంచి మాటలున్నాయి: పుంజుకోవడం, ఊపందుకోవడం, కోలుకోవడం. మూడింటిలోనూ ఒక సంగతి ఉమ్మడిగా ఉంది. అంతకుముందు తగ్గి ఉండాలి, లేదా నెమ్మదిగా ఉండాలి. "బిజినెస్ ఈజ్ పికింగ్ అప్" అంటే మొన్నటిదాకా డల్‌గా ఉండేదని ఒప్పుకున్నట్టే. మొదటి నుంచీ బాగా నడుస్తున్న వ్యాపారం ఇంకా పెరుగుతుంటే "గ్రోయింగ్" అనాలి. అప్పు కోసం బ్యాంకుకి రాసే కాగితంలో ఈ రెండు మాటలూ తారుమారైతే చెప్పదలచుకున్నది మారిపోతుంది. పండగ ముందు బీసెంట్ రోడ్డు షాపుల్లో బేరాలు ఊపందుకుంటాయి, అది "సేల్స్ పిక్ అప్ బిఫోర్ సంక్రాంతి". తుపాను దగ్గర పడేకొద్దీ "ద విండ్ ఈజ్ పికింగ్ అప్". రైలు కృష్ణ వంతెన దాటి వేగం అందుకుంటే "ద ట్రెయిన్ పిక్డ్ అప్ స్పీడ్". ఈ చివరిదానిలో ‘స్పీడ్’ అనే జవాబున్నా అర్థం రెండో దారిలోకే పోతుంది. "పిక్ అప్ ద పేస్" కూడా అంతే. ఈ రెండింటినీ విడిగా గుర్తుంచుకోండి.

తక్కిన వాడుకలు త్వరగా చెబుతాను. మైకు మాటని, ఫోన్ సిగ్నల్‌ని, కుక్క వాసనని అందుకుంటే పిక్ అప్. ఇంటికొస్తూ దారిలో కూరగాయలో పాలో కొనుక్కొస్తే పిక్ అప్. బహుమతి, మార్కులు, పాయింట్లు సంపాదిస్తే పిక్ అప్. ఆపిన చోట నుంచి మాట మళ్లీ ఎత్తుకుంటే "పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్". కింద పడి తనంతట తను లేస్తే "పిక్డ్ హిమ్‌సెల్ఫ్ అప్". అమెరికావాళ్లు చిందరవందరగా ఉన్న గది సర్దడానికి కూడా "పిక్ అప్ ద రూమ్" అంటారు, అక్కడ గదిని ఎత్తేదేం లేదు, గదిలో చెల్లాచెదురైనవాటిని తీయడం.

మూడు చోట్ల మాత్రం జాగ్రత్త కావాలి. బిల్లు: "ద కంపెనీ విల్ పిక్ అప్ ద బిల్" అంటే బిల్లు కాగితం తీసుకుంటుందని కాదు, డబ్బు కంపెనీయే కడుతుందని. కస్టమర్ ఈ మాట అంటే ఆయన దగ్గర డబ్బు అడగకూడదు, కంపెనీ పేరు, ఎవరికి పంపాలో అడగాలి. పోలీసులు: "ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్" అంటే అదుపులోకి తీసుకున్నారు. ఇంకా అరెస్టు చూపించకపోవచ్చు. లిఫ్ట్ ఇచ్చారని మాత్రం కాదు. ఆడపిల్ల, మగపిల్లాడు: "పిక్డ్ అప్ ఎ గర్ల్" అంటే ముక్కూమొహం తెలియని అమ్మాయితో చెడు ఉద్దేశంతో పరిచయం పెంచుకున్నాడన్న అర్థం వస్తుంది. డ్రైవర్ రిపోర్ట్‌లో "ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్ అట్ ద బస్ స్టాండ్" అని ఎప్పుడూ రాయనివ్వకండి. "పిక్డ్ అప్ ద ప్యాసింజర్", లేదా బుకింగ్‌లో ఉన్న పేరు రాయించండి. "పిక్డ్ అప్ మై సిస్టర్ ఫ్రమ్ ద బస్ స్టాండ్" అంటే ఏ ఇబ్బందీ లేదు, వరస తెలిసిపోతోంది కదా.

ఇప్పుడు మాటల వరస సంగతి. మీరు పెట్టిన మెసేజ్ ఇలా ఉందన్నారు:

"డియర్ సర్, అవర్ డ్రైవర్ విల్ పిక్ అప్ యు అట్ గన్నవరం ఎయిర్‌పోర్ట్ అట్ 6.30 ఎ.ఎమ్. యు విల్ బి పికప్డ్ ఫ్రమ్ మెయిన్ గేట్. హి విల్ డ్రాప్ యు. ప్లీజ్ పిక్ హిజ్ కాల్."

నాలుగు వాక్యాలు, నాలుగు చోట్ల దిద్దాలి.

మొదటిది మేనేజర్ దిద్దినదే: "విల్ పిక్ యు అప్". ఇక కారణం. ఇంగ్లిష్ వాక్యంలో వినేవాడికి ముందే తెలిసినది ముందు వస్తుంది, కొత్త కబురు చివరికి జరుగుతుంది, ఒత్తు కూడా చివరి మాట మీదే పడుతుంది. యు, హిమ్, ఇట్ లాంటివి ఎవరి గురించో ముందే తెలిసినప్పుడే వాడతాం. వాటిలో కొత్త కబురేం లేదు, గొంతు వాటిని తేలిగ్గా పలుకుతుంది. అలాంటి తేలిక మాటని ఒత్తు పడే చివరి చోట కూర్చోబెడితే ఇంగ్లిష్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే మధ్యలోకి జరుపుతారు. పేర్లకి ఈ కట్టడి లేదు. "పిక్ అప్ మిస్టర్ రావు", "పిక్ మిస్టర్ రావు అప్", రెండూ ఒప్పే. పేరు పొడుగైతే మాత్రం చివరికే నెట్టాలి. "పిక్ అప్ ద టూ బ్యాగ్స్ యు లెఫ్ట్ అట్ ద హోటల్" అనాలి. ఆ పొడుగంతా మధ్యలో ఇరికించి చివర ‘అప్’ అంటే, అది వచ్చేసరికి ‘పిక్’ ఎక్కడుందో వినేవాడు మర్చిపోతాడు.

రెండోది ‘పికప్డ్’. ఇది మనవాళ్ల తప్పుల్లో గట్టిగా పాతుకుపోయినది. తెలుగులో ‘పికప్ చేశాడు’, ‘పికప్ ఉంది’ అంటూ దాన్ని ఒకే ముద్దగా వాడతాం, ఇంగ్లిష్‌లోకి వెళ్లినప్పుడు ఆ ముద్ద చివర ‘డ్’, ‘ఇంగ్’ అతికిస్తాం. క్రియ ‘పిక్’ ఒక్కటే. కాలం మారితే మారేది అదే: పిక్డ్ అప్, పికింగ్ అప్, పిక్స్ అప్. ‘అప్’ ఎప్పుడూ మారదు. కాబట్టి "యు విల్ బి పిక్డ్ అప్ అట్ ద మెయిన్ గేట్".

మూడోది "హి విల్ డ్రాప్ యు". చోటు చెప్పకుండా ఇంతటితో ఆపేస్తే ‘మిమ్మల్ని వదిలేస్తాడు, జారవిడుస్తాడు’ అన్నట్టుంటుంది. చోటు చెప్పి "హి విల్ డ్రాప్ యు అట్ యువర్ హోటల్" అన్నా సరే, "డ్రాప్ యు ఆఫ్" అన్నా సరే. బోర్డుల మీద రాసే ‘పికప్ అండ్ డ్రాప్’ని విదేశీయుల కోసం ‘పికప్ అండ్ డ్రాప్-ఆఫ్’ అని మార్చుకుంటే ఇంకా మంచిది. నాలుగోది పైన చెప్పుకున్నదే: "ప్లీజ్ ఆన్సర్ హిజ్ కాల్".

నామవాచకంగా వాడినప్పుడు మాత్రం పికప్ ఒకే మాట. "యువర్ పికప్ ఈజ్ అట్ 6.30" అని రాయొచ్చు. పలకడంలో తేడా ఉంది. నామవాచకానికి ఒత్తు ముందు, ‘పిక్’ మీద. క్రియకి ఒత్తు వెనక, ‘అప్’ మీద. బండికి ‘పికప్ లేదు’ అనడం మన దగ్గర బాగా వాడుక. బయటివాళ్లతో "ద బైక్ హాజ్ పూర్ యాక్సిలరేషన్" అంటే మేలు. వాళ్లలో చాలామందికి పికప్ అంటే ముందు గుర్తొచ్చేది వెనక తెరిచి ఉన్న ట్రాలీ బండి, మనవైపు బొలేరో పికప్ అంటామే, అలాంటిది. "మై పికప్ ఈజ్ నాట్ గుడ్" అంటే ఆ బండి బాగాలేదనుకోవచ్చు.

వినేటప్పుడు వచ్చే ఇబ్బంది ఇంకొకటి. ఇంగ్లిష్‌లో హల్లుతో ముగిసిన మాట, అచ్చుతో మొదలయ్యే మాట ఎదురైతే రెండూ కలిసిపోతాయి, మన సంధిలాగే. "పిక్ ఇట్ అప్" మూడు మాటలుగా వినిపించదు, ‘పికిటప్’ అని వస్తుంది. అమెరికావాళ్ల నోట్లో ‘ట’ మెత్తబడి ‘పికిడప్’. "పిక్ దెమ్ అప్" వేగంలో ‘పికెమప్’. ‘పికెమప్ అనే మాటకి అర్థమేంటి’ అని వెతికితే ఏ డిక్షనరీలోనూ దొరకదు. మీరే రోజూ పదిసార్లు కలిపి పలకడం అలవాటు చేసుకోండి. నోటికి వచ్చినది చెవికి త్వరగా తెలుస్తుంది.

నేర్చుకునే పద్ధతి గురించి నా అభిప్రాయం గట్టిగానే ఉంది. ‘100 ఫ్రేజల్ వెర్బ్స్, వాటి అర్థాలు’ లాంటి జాబితాలు పనికిరావు. కుడివైపు ఒక తెలుగు మాట, ఎడమవైపు ఒక ఇంగ్లిష్ మాట రాసుకుంటే, ‘దేన్ని’ అన్న భాగం పోతుంది. దేన్ని అన్నది లేకుండా ఈ క్రియలకి అర్థమే లేదు. దాని బదులు ఇలా చేయండి. ఒక పేజీకి ఒక క్రియ. ముందు అయిదు వాడుకలే తీసుకోండి: మనిషిని తీసుకురావడం, ఫోన్ ఎత్తడం, అబ్బడం, జబ్బు అంటుకోవడం, పుంజుకోవడం. ఒక్కోదానికి మీ ఆఫీసులో నిజంగా వాడే వాక్యాలు మూడు రాయండి. తర్వాత అందులో పేరు తీసేసి హిమ్, ఇట్, దెమ్ పెట్టి తిరగరాయండి, పైకి చదవండి. "పిక్ అప్ ద గెస్ట్స్. పిక్ దెమ్ అప్." ఈ మార్పు ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేదాకా రెండో పేజీ తిప్పొద్దు. మిగతా అర్థాలు ఎదురైనప్పుడు, ఎదురైన వాక్యంతో సహా ఆ పేజీలోనే రాసుకోండి.

డిక్షనరీ చూసేటప్పుడు కూడా అర్థం కంటే ముందు వరస చూడండి. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన డిక్షనరీల్లో ‘పిక్ సమ్‌థింగ్ అప్’ అని కర్మని మధ్యలో పెట్టి చూపిస్తే, దాన్ని విడదీయొచ్చని అర్థం. ‘పిక్ అప్ ఆన్ సమ్‌థింగ్’ అని చివర పెడితే విడదీయకూడదు. ఈ ‘పిక్ అప్ ఆన్’ వేరే క్రియ, పసిగట్టడం అని. కస్టమర్ గొంతులో అసంతృప్తి కనిపెడితే "ఐ పిక్డ్ అప్ ఆన్ ఇట్". ఇక్కడ ‘ఇట్’ చివరే ఉంటుంది, మధ్యలోకి లాగితే తప్పు.

‘పిక్ అప్’ అమర్యాదగా ఉంటుందా, ఉత్తరాల్లో రాయొచ్చా అన్న అనుమానం కూడా చాలామందికి ఉంటుంది. కస్టమర్‌కి పంపే మెసేజ్‌లో, మెయిల్‌లో నిక్షేపంగా రాయొచ్చు. బ్యాంకుకో, ప్రభుత్వ ఆఫీసుకో రాసే కాగితంలో, పరీక్ష వ్యాసంలో మాత్రం కలెక్ట్, లెర్న్, ఇంప్రూవ్, డిటెక్ట్ లాంటి ఒంటి మాటలు నప్పుతాయి.

ఇక ఆ బగ్ కస్టమర్ సంగతి. ఆయన మళ్లీ అలా అంటే మీరు అనాల్సింది: "సారీ టు హియర్ దట్, సర్. షల్ ఐ ఆస్క్ ద డ్రైవర్ టు స్టాప్ అట్ ఎ ఫార్మసీ?" మెడికల్ షాపు అన్న మాట బయటివాళ్లకి అంతగా అలవాటు లేదు కాబట్టి ఫార్మసీ అనండి. దానికి ఆయన "థాంక్స్, ఐ విల్ పిక్ అప్ సమ్ టాబ్లెట్స్ ఆన్ ద వే" అంటే తడుముకోకండి. దారిలో మాత్రలు కొనుక్కుంటానంటున్నాడు, డ్రైవర్‌కి ఆ మాట చెప్పండి.